క్యాంపింగ్‌కు ఫిక్స్‌డ్ బ్లేడ్ కత్తి: ముందు ఆకారం చూడండి, ఉక్కు పేరు తర్వాత

క్యాంపింగ్‌కు ఫిక్స్‌డ్ బ్లేడ్ కత్తి, అంటే మడత పడని కత్తి, కొందామనుకోగానే చాలామంది మొదట అడిగేది "ఏ ఉక్కు మంచిది?" అని. నిజానికి అది చివర అడగాల్సిన ప్రశ్న. అలుగు ఎంత మందం ఉంది, వాదర దగ్గరికి వచ్చేసరికి ఎంత పలచబడింది, పిడి చేతిలో ఎలా కూర్చుంటోంది, ఒర కత్తిని గట్టిగా పట్టి ఉంచుతోందా అన్నవి ఇదే వరసలో చూసుకుంటూ రావాలి. అప్పటికీ రెండు మూడు కత్తులు మిగిలితే, వాటి మధ్య తేల్చుకోవడానికి ఉక్కు పేరు పనికొస్తుంది. గొప్ప ఉక్కుతో చేసిన మందపాటి కత్తి కంటే మామూలు ఉక్కుతో చేసిన పల్చని కత్తి చక్కగా తెగుతుంది.

అలుగు అంటే కత్తి రేకు మొత్తం. వాదర అంటే కోసే అంచు, వెన్ను అంటే దానికి ఎదురుగా ఉండే మొద్దు అంచు. మొన సంగతి చెప్పక్కర్లేదు. అలుగు ఉక్కే వెనక్కి సాగి పిడిలోకి దిగే భాగాన్ని ట్యాంగ్ అంటారు. కింద ఈ మాటలే వాడాం.

మడత కత్తి చాలదా?

చాలా పనులకు చాలు. తాడు తెంచడానికి, ప్యాకెట్లు కోయడానికి జేబులో పట్టే మడత కత్తి హాయి. కాకపోతే దాని బలమంతా ఒక చిన్న ఇరుసు మీద, ఒక లాక్ మీద నిలబడి ఉంటుంది. కట్టెలో దిగిన కత్తిని పక్కకు మెలిపెడితే ఇరుసు వదులవుతుంది. లాక్ జారిందంటే అలుగు వేళ్ల మీదికే మూసుకుంటుంది. ఇసుక, బురద కీలులోకి పోతే మళ్లీ సాఫీగా తెరుచుకోవడానికి విప్పి కడగాలి. ఫిక్స్‌డ్ బ్లేడ్‌కు కీలే లేదు కాబట్టి ఈ బెడదలూ లేవు, నీళ్లతో కడిగి తుడిస్తే సరి. ఆ నిశ్చింతకు బదులు బరువు, ఒర, నడుము మీద కొంత చోటు ఇచ్చుకోవాలి.

ముందు పనులు రాసుకోండి

కత్తి బొమ్మలు చూసే ముందు, మీరు దానితో ఏం చేస్తారో కాగితం మీద రాసుకోండి. తాడు, వంట, గుడారం మేకులు చెక్కడం, నిప్పు రాజేయడానికి పుల్లలు చీల్చడం: చాలామంది జాబితా ఇంతకు మించదు. ఇందులో మూడు వంతులు కోసే పనే, నరికే పని కాదు. గొడ్డలో మడత రంపమో వెంట తీసుకెళ్లేవాళ్లకైతే కత్తి ఇంకా చిన్నదైనా నడుస్తుంది. చెయ్యి మందాన ఉన్న కొమ్మను పెద్ద కత్తితో నరకడం కంటే 200 గ్రాముల మడత రంపంతో కోయడం త్వరగా అవుతుంది, చేయీ నొప్పి పుట్టదు. "అన్నిటికీ ఒకటే కత్తి" అన్న ఆలోచన వినడానికి బాగుంటుంది గానీ, అది చివరికి ఏ పనికీ సరిగ్గా కుదరని బరువైన కత్తిని అంటగడుతుంది.

పొడవు

వాదర పొడవు 9 నుంచి 12 సెంటీమీటర్ల మధ్య ఉంటే సగటు క్యాంపింగ్ పనులన్నీ అందులో ఇమిడిపోతాయి. 8 కంటే తగ్గితే వంటకు, పుల్లలు చీల్చడానికి ఇబ్బంది. 13 దాటితే సన్నని చెక్కడం పనిలో మొన చేతికి దూరమై అదుపు తప్పుతుంది. 15 సెంటీమీటర్లు, అంతకు పైన ఉన్నవి నరకడానికి తయారైనవి. బరువు ముందుకు ఉంటుంది, అరగంట చెక్కితే మణికట్టు లాగుతుంది. అమెరికాలో బాగా పేరున్న బక్ 119 అలుగు 6 అంగుళాలు, అంటే సుమారు 15 సెంటీమీటర్లు. వేటగాళ్ల పనికి పుట్టిన ఆకారం అది. అదే పొడవుతో చిన్న మేకు గంటు చెక్కడానికి కూర్చుంటే తేడా వెంటనే తెలుస్తుంది.

మందం: ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే

మందపాటి కత్తిని చేతిలోకి తీసుకోగానే "ఇది విరగదు" అన్న ధీమా వస్తుంది. అది నిజమే. రేకు వంగకుండా నిలిచే శక్తి మందం ఘనంతో పెరుగుతుంది. 3 మిల్లీమీటర్ల రేకును 6 చేస్తే అది ఎనిమిది రెట్లు బిగుస్తుంది, బరువు మాత్రం రెండింతలే. కానీ ఆ ఎనిమిది రెట్ల బలం గునపంలా పెకలించేటప్పుడే అక్కరకొస్తుంది. కోసేటప్పుడు మందం అడ్డం.

ఒక క్యారెట్ చాలు ఈ తేడా చూడటానికి. 2.5 మిల్లీమీటర్ల కత్తి అడుగు దాకా దిగి ముక్కను కోస్తుంది. 6 మిల్లీమీటర్ల కత్తి సగం దాకా దిగి, ఆపైన మేకులా పనిచేసి క్యారెట్‌ను ఫట్‌మని విరగ్గొడుతుంది. కోసిన ముఖం నున్నగా ఉండదు, కింది సగం చీలినట్టు గరుకుగా ఉంటుంది. కట్టెలో కూడా ఇదే జరుగుతుంది, కాకపోతే అక్కడ మన చేతి బలం ఆ లోపాన్ని కప్పేస్తుంది.

వెన్ను దగ్గర మందం కింద చెప్పినట్టు అర్థం చేసుకోవచ్చు:

- 2 నుంచి 2.5 మి.మీ.: వంట, చెక్కడం, తాడు. తేలిక. పక్కకు మెలిపెట్టకూడదు.
- 3 నుంచి 4 మి.మీ.: కోయడమూ బాగుంటుంది, అవసరానికి కట్టె చీల్చడమూ కుదురుతుంది. ఒక్కటే కత్తి కొనేవాళ్లు ఇక్కడే వెతకడం మంచిది.
- 4.5 నుంచి 5 మి.మీ.: చీల్చడానికి ధైర్యం, వంటకు విసుగు. వాదర దాకా బాగా పలచగా దించి ఉంటేనే తీసుకోండి.
- 6 మి.మీ., ఆపైన: పెకలించే పనిముట్టు. కత్తి పని దీనికి రెండోది.

కొన్ని లెక్కలు పక్కపక్కన పెడితే తేడా తెలుస్తుంది. స్వీడన్‌లో తయారయ్యే మోరా కంపానియన్ స్టెయిన్‌లెస్ రకం 2.5 మి.మీ., అదే కంపెనీ గార్‌బర్గ్ 3.2 మి.మీ. స్వీడన్ వైమానిక దళం 1995లో తన పైలట్ల కోసం ఎంచుకున్న ఫాల్‌నివెన్ ఎఫ్1 మందం 4.5 మి.మీ. ఈసీ-4 సుమారు 4.8 మి.మీ. బెకర్ బీకే2 అయితే 6 మి.మీ. దాటి, దాదాపు 450 గ్రాములు తూగుతుంది. చివరిది చెడ్డ కత్తి కాదు, కాకపోతే అది దాదాపు చిన్న గొడ్డలి లాంటిది. ఆ బరువును రోజంతా నడుముకు కట్టుకుని తిరుగుతారా అన్నదే ప్రశ్న.

వెన్ను మందం కంటే ముఖ్యమైన కొలత ఇంకొకటి ఉంది, దాన్ని ఎవరూ పెట్టె మీద రాయరు. వాదర చివర మెరిసే సన్నని పదును గీతకు సరిగ్గా పైన మందం ఎంత? వర్నియర్ కాలిపర్‌తో కొలిస్తే 0.4 నుంచి 0.6 మి.మీ. ఉన్న కత్తి మహా చక్కగా తెగుతుంది, క్యాంపు పనికీ తట్టుకుంటుంది. 0.7 నుంచి 1 మి.మీ. ఉంటే మొరటు పనికి. 1 దాటితే ఎంత పదును పెట్టినా మొద్దుగానే అనిపిస్తుంది. "పదును పెట్టినా తెగట్లేదు" అనే ఫిర్యాదు వెనక చాలాసార్లు ఉన్నది ఈ మందమే.

గ్రైండ్

వెన్ను నుంచి వాదర దాకా రేకును ఏ వాలులో దించారన్నది గ్రైండ్. కత్తి మొన వైపు నుంచి చూస్తే ఈ వాలు కనబడుతుంది.

స్కాండీ గ్రైండ్‌లో రేకు సగం పైదాకా సమంగా వచ్చి, ఒక్కసారిగా వెడల్పాటి చదును వాలుగా వాదరకు దిగుతుంది. ఒక్కో పక్కన 11 నుంచి 13 డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది. కట్టె చెక్కడానికి దీన్ని మించింది లేదు, ఎందుకంటే ఆ వాలే చెక్కపై ఆని కత్తికి దారి చూపిస్తుంది. పదును పెట్టడమూ కొత్తవాళ్లకు తేలిక: వాలు మొత్తాన్ని రాయి మీద ఆనించి రుద్దడమే, కోణం ఊహించక్కర్లేదు. లోపం ఏమిటంటే, ఆ పల్చని వాదర చేవదేరిన గట్టి కట్టెలో, ఎండిన ముడి దగ్గర నొక్కులు పడుతుంది. అలా పడుతుంటే పదును పెట్టిన చివర, కత్తిని కాస్త లేపి ఒక్కో పక్క నాలుగైదుసార్లు మెల్లగా లాగండి. వాదర చివర సన్నని రెండో వాలు ఏర్పడి నిలదొక్కుకుంటుంది.

ఫుల్ ఫ్లాట్ గ్రైండ్ వెన్ను నుంచే చదునుగా దిగుతుంది. వంటకు, మామూలు కోతకు ఇదే మేలు. ఒక్కటే కత్తి కావాలి, చెక్కడం కంటే కోయడమే ఎక్కువ అనుకుంటే 3 నుంచి 3.5 మి.మీ. ఫుల్ ఫ్లాట్ దగ్గర ఆగిపోవచ్చు. వాలు సగం ఎత్తులో మొదలైతే దాన్ని సేబర్ గ్రైండ్ అంటారు. బలం పెరుగుతుంది, కోత మందగిస్తుంది.

కాన్వెక్స్ గ్రైండ్ పక్కలు లోపలికి కాకుండా బయటికి ఉబ్బి ఉంటాయి. చీల్చేటప్పుడు చెక్కలో ఇరుక్కోకుండా బయటికి నెడుతుంది. దీన్ని చదునైన రాయి మీద పెట్టి రుద్దితే ఆ ఉబ్బు పోయి చదునైపోతుంది, కాబట్టి మెత్తటి ఆధారం మీద పరిచిన గరుకు కాగితంతో, వెనక్కి లాగుతూ మాత్రమే పదును పెట్టాలి. హాలో గ్రైండ్ పక్కలు లోపలికి గుంటలా ఉంటాయి. చర్మం వలవడానికి, సన్నని కోతకు సరే, కట్టె చీల్చడానికి వద్దు.

మొన, వెన్ను, అలంకారాలు

మొన వైపు వెన్ను మెల్లగా కిందికి వాలే డ్రాప్ పాయింట్ అన్నిటికీ సరిపోతుంది. క్లిప్ పాయింట్‌లో వెన్ను లోపలికి కోసినట్టు ఉండి మొన సూదిగా వస్తుంది. పొడవడానికి, చిన్న రంధ్రం చేయడానికి బాగుంటుంది గానీ, ఆ సూది మొనే ముందు విరిగేది. టాంటో మొన బలమైనదే, కాకపోతే వంపు లేనందువల్ల తరగడానికి రాదు.

వెన్ను అంచు సరిగ్గా 90 డిగ్రీల మూలగా ఉందో లేదో వేలి గోరు నిలువుగా పెట్టి గీరి చూడండి. గోటి నుంచి తెల్లటి పొడి రాలితే అది ఫెర్రో రాడ్ (గీస్తే రవ్వలు రాల్చే లోహపు కడ్డీ) మీద గీసి నిప్పురవ్వలు పుట్టించడానికి పనికొస్తుంది, ఎండు బెరడును దూదిలా గీరడానికీ పనికొస్తుంది. మూల గుండ్రంగా ఉంటే ఈ పనులకు వాదరనే వాడాల్సి వస్తుంది, వాదర పాడవుతుంది. నల్ల పెయింటు పూసిన వెన్ను కూడా రవ్వలు రాల్చదు, ఆ పూతను ఆకురాయితో ఒక అంగుళం మేర గీసేస్తే సరిపోతుంది.

ఇక వద్దనదగ్గవి. వెన్ను మీద రంపం పళ్లు: రెండు రుద్దులకే పొట్టుతో నిండిపోతాయి, బొటనవేలు ఆనించనివ్వవు, కట్టె చీల్చేటప్పుడు దుడ్డుకర్రను చీల్చుకుంటాయి. పిడి దగ్గర సగం వాదరకు రంపపు పళ్లు: తాడుకు బాగుంటాయి, కానీ చెక్కేటప్పుడు చేతికి ఎక్కువ పట్టు దొరికే చోటు సరిగ్గా అదే. దాన్ని పాడుచేసుకున్నట్టే. పిడి గుల్లగా ఉండి లోపల అగ్గిపుల్లలు, మూతలో దిక్సూచి ఉన్న కత్తులు బొమ్మల్లో చూడటానికే: పిడి గుల్ల కావడంతో ట్యాంగ్‌కు చోటుండదు, అలుగు పిడి మొదట్లోనే ఆగిపోయి, బలమైన దెబ్బకు అక్కడే ఊడుతుంది.

ట్యాంగ్

ఫుల్ ట్యాంగ్ అంటే ఉక్కు పిడి చివరిదాకా, పిడి వెడల్పంతా ఉండటం. పిడి చెక్కల మధ్య ఉక్కు అంచు చుట్టూ కనబడుతుంది. పిడి చెక్క పగిలినా తాడు చుట్టి వాడుకోవచ్చు. బరువు ఎక్కువ, చలిలో ఆ ఉక్కు అంచు చేతికి తగిలి చల్లగా గుచ్చుతుంది. సన్నగా దిగి పిడిలో దాగే స్టిక్ ట్యాంగ్ తేలిక. మంచి తయారీ అయితే చెక్కడానికి, కోయడానికి ఏ లోటూ ఉండదు. మోరా కంపానియన్ ట్యాంగ్ పిడి చివరిదాకా పోదు. అయినా దాన్ని రోజూ చెక్కడానికి వాడేవాళ్లకు విరగదు. విరిగేది గొడ్డలి పని చేయించినప్పుడే. కట్టె చీల్చడం మీ జాబితాలో తరచుగా ఉంటే ఫుల్ ట్యాంగ్ తీసుకోండి, లేకపోతే దీని గురించి అంత పట్టింపు అక్కర్లేదు.

పిడి

పిడిని దుకాణంలో ఐదు సెకన్లు పట్టుకుని "బాగుంది" అనకండి. పూర్తి బలంతో పిడికిలి బిగించి ఒక నిమిషం అలాగే ఉంచండి. చెయ్యి విప్పాక అరచేతిలో ఎక్కడ ఎర్రటి గీతలు పడ్డాయో, అరగంట చెక్కితే అక్కడే బొబ్బలు లేస్తాయి. తర్వాత ఒర తీయకుండానే పట్టులు మార్చి చూడండి: మామూలు పట్టు, బొటనవేలు వెన్ను మీద పెట్టిన పట్టు, వాదర మీ నుంచి బయటికి ఉండేలా తిప్పి ఛాతీ దగ్గర పట్టుకునే పట్టు. వేళ్లకు ఒక్కొక్క గాడి చెక్కిన పిడి మొదటి పట్టులో అమరినట్టే ఉంటుంది, మిగతా రెండిటిలో గుచ్చుతుంది. చేతులన్నీ ఒకే కొలత కావు కాబట్టి ఆ గాళ్లు చాలామందికి తప్పు చోటనే పడతాయి.

పొడవు 10.5 నుంచి 12 సెంటీమీటర్లు. చేతి తొడుగులు వేసుకునేవాళ్లు 12 వైపే మొగ్గండి. అడ్డుకోత గుడ్డు ఆకారంలో ఉండాలి. గుండ్రంగా ఉంటే వాదర ఎటు తిరిగిందో చీకట్లో చేతికి తెలియదు. పట్టుకున్నప్పుడు వేళ్ల కొసలు అరచేతిని దాదాపు తాకుతున్నట్టుండాలి. పూర్తిగా గుచ్చుకుంటే పిడి సన్నం, బొటనవేలు మొదలుకు చాలా దూరంలో ఆగితే లావు.

పిడి, వాదర మధ్య ఎంత ఖాళీ ఉందో కూడా చూడండి. కొన్నిటికి అక్కడ చూపుడువేలి కోసం 2 సెంటీమీటర్ల గుంట వదులుతారు. బలంగా చెక్కాల్సినప్పుడు వాదర చేతికి ఎంత దగ్గరుంటే అంత బలం పడుతుంది, ఆ 2 సెంటీమీటర్లు నష్టమే.

మైకార్టా, జీ10 (బట్ట లేదా గాజు నార పొరలను జిగురుతో అతికి గట్టిపరిచిన పలకలు) తడికి ఉబ్బవు, ఎండకు పగలవు. రబ్బరు పిడి తడిలో బాగా పట్టు ఇస్తుంది, దోమల మందులో ఉండే డీట్ తగిలితే కొన్ని రకాల రబ్బరు, ప్లాస్టిక్ జిగటగా మారతాయి. చెక్క పిడి చేతికి అన్నిటికంటే హాయి, ఏడాదికి రెండుసార్లు అవిసె నూనె రాసుకోవాలి. ఆ నూనెతో తడిసిన గుడ్డను ఉండచుట్టి పడేయకండి, దానంతటదే వేడెక్కి అంటుకోగలదు. పరిచి ఆరబెట్టాకే పారేయాలి.

ఇప్పుడు ఉక్కు

ఉక్కును స్టెయిన్‌లెస్, కార్బన్ అని రెండు గుంపులుగా చూస్తే చాలు. తడి, ఉప్పు గాలి, వంట, తుడవడానికి బద్ధకం: వీటిలో ఏదున్నా స్టెయిన్‌లెస్. రాయి మీద త్వరగా పదునెక్కాలి, తుడిచి నూనె రాయడం అలవాటే అంటే కార్బన్.

కార్బన్ గుంపులో చూస్తే, 1095 ఉక్కులో కార్బన్ దాదాపు 0.95 శాతం. దెబ్బకు ఓర్చుకుంటుంది, సులువుగా పదునెక్కుతుంది, రాత్రి తడిగా వదిలేస్తే తెల్లారేసరికి ఎర్ర చుక్కలు. 80సీఆర్‌వీ2 దెబ్బలను ఇంకా బాగా తట్టుకుంటుంది. స్టెయిన్‌లెస్‌లో 12సీ27లో క్రోమియం సుమారు 13.5 శాతం, 14సీ28ఎన్‌లో 14 శాతం, పైగా కాస్త నైట్రోజన్. రెండూ సన్నని వాదరను చక్కగా నిలుపుతాయి, పదును పెట్టడం తేలిక. క్యాంపింగ్‌కు ఈ రెండిటిని మించి వెతకాల్సిన పని చాలామందికి లేదు. ఎస్30వీ, ఎస్35వీఎన్ లాంటివి పదునును ఎక్కువకాలం నిలుపుతాయి, కానీ మొద్దుబారాక మామూలు రాయి మీద అవి చాలా మెల్లగా అరుగుతాయి. డైమండ్ ప్లేటు (వజ్రపు పొడి అంటించిన పలక) కొనుక్కోవాల్సిందే. సముద్రం పనికి హెచ్1, ఎల్‌సీ200ఎన్ రకాలు ఉన్నాయి, ఉప్పునీటికి కూడా దాదాపు చలించవు.

డీ2 సంగతి వేరే చెప్పాలి. క్రోమియం 12 శాతం దాకా ఉంటుంది కాబట్టి స్టెయిన్‌లెస్ అనుకుంటారు. ఆ క్రోమియంలో చాలా భాగం కార్బన్‌తో కలిసి గట్టి కణాలుగా బిగుసుకుపోతుంది, తుప్పును ఆపడానికి మిగిలేది తక్కువ. అందుకే డీ2 తుప్పు పడుతుంది, ఆలస్యంగా.

ఉక్కు పేరు కంటే దాన్ని ఎలా కాల్చి చల్లార్చారన్నది పెద్ద సంగతి. ఒకే 1095ను ఒకరు బాగా చేస్తారు, ఇంకొకరు పెళుసు చేస్తారు. ఈ గట్టిదనాన్ని రాక్‌వెల్ సీ లెక్కలో చెబుతారు. క్యాంపు కత్తికి 56 నుంచి 60 మధ్య మంచిది. తక్కువైతే వాదర పక్కకు వంగుతుంది, ఎక్కువైతే నొక్కులు పడుతుంది. పెట్టె మీద ఉక్కు రకం, గట్టిదనం ఏవీ రాయకుండా "సర్జికల్ స్టీల్" అనో, ఊరికే "స్టెయిన్‌లెస్ స్టీల్" అనో ఉంటే, ఆ కత్తిని పక్కన పెట్టండి. అలల గీతల డమాస్కస్ పేరుతో చవగ్గా వచ్చేవాటికీ ఇదే మాట: ఏ రెండు ఉక్కులు కలిపారో చెప్పలేకపోతే ఆ గీతలు అందానికే.

ఒర

ఒర బాగోలేని మంచి కత్తి ప్రమాదం. కత్తిని ఒరలో పెట్టి, కింద మెత్తటి బట్ట పరిచిన బల్ల పైన తలకిందులుగా పట్టుకుని రెండుమూడుసార్లు కుదపండి. జారకూడదు. తర్వాత ఒక్క చేత్తో తీసి చూడండి. బొటనవేలితో ఒరను నెట్టి తీసేలా ఉంటే చెయ్యి గుంజుకోదు. ఒక్కసారిగా ఊడి వచ్చేంత బిగుతైతే, ఆ ఊపుకు చెయ్యి ఎటుపోతుందో చెప్పలేం.

తోలు ఒరకు చప్పుడుండదు, కత్తి మీద గీతలు పడవు. కుట్టు వైపు లోపల గట్టి తోలు పట్టీ పెట్టి ఉండాలి. లేకపోతే వాదర రోజూ కుట్టునే కోస్తుంటుంది. తోలు ఒరలోంచి తీసేటప్పుడు వేళ్లు వాదర వైపు చుట్టి పట్టుకోకండి, కుట్టు తెగిన రోజు వేళ్లే దొరుకుతాయి. కైడెక్స్ (ఒక రకం గట్టి ప్లాస్టిక్), మామూలు ప్లాస్టిక్ ఒరలు తడిని పీల్చవు. అడుగున నీరు పోయే చిల్లు ఉండాలి. అందులో ఇసుక చేరితే కత్తి పక్కలంతా గీతలు, వాదర మొద్దు. అప్పుడప్పుడు నీళ్లు పోసి కుదిపి ఆరబెట్టాలి. ఎడమచేతి వాళ్లు ఒరను తిప్పి తగిలించుకునే వీలుందో ముందే అడగండి. వీపు సంచి నడుము పట్టీ కింద ఒర ఇరుకుతుందేమో సంచి వేసుకునే చూడాలి.

చేతికి వచ్చాక చూడాల్సినవి

వెలుతురులో వాదరను కంటికి ఎదురుగా పట్టుకుని, పిడి నుంచి మొన దాకా ఒకే గీతగా ఉందా చూడండి. వాదర మీద ఎక్కడైనా వెలుగు చుక్క మెరిసిందంటే అక్కడ మొద్దుగా ఉంది లేదా నొక్కు ఉంది. పదునైన వాదర వెలుగును తిరిగి కొట్టదు. రెండు పక్కలా వాలు ఒకే ఎత్తులో మొదలవ్వాలి. పిడి చెక్కలకు, ట్యాంగ్‌కు మధ్య గోరు దిగే సందు ఉంటే తడి అక్కడ చేరి లోపలే తుప్పు పట్టిస్తుంది. పేరున్న కత్తులకు నకిలీలు చాలా తిరుగుతుంటాయి. అక్షరాలు తేలిపోయినట్టున్నా, ఒర కుట్టు వంకరగా ఉన్నా, కంపెనీ చెప్పిన బరువుతో తూకం వేసి చూడండి.

కట్టె చీల్చడం: కత్తులు విరిగేది ఇక్కడే

కత్తిని కట్టె తల మీద పెట్టి, వెన్నును దుడ్డుకర్రతో కొట్టి చీల్చడాన్ని బాటనింగ్ అంటారు. అవతలి పక్క మొన కనీసం 3 సెంటీమీటర్లు బయటికి ఉండాలి, కొట్టాల్సింది అక్కడే. కాబట్టి 10 సెంటీమీటర్ల అలుగుతో 6, 7 సెంటీమీటర్లకు మించిన కట్టె వద్దు. ముడి లేని, నార నిట్టనిలువుగా ఉన్న ముక్క ఎంచుకోండి. దుడ్డుకర్ర మణికట్టు మందాన, మోచేతంత పొడవున కట్టెదే ఉండాలి. ఇనప సుత్తి వెన్నును నలగ్గొట్టి, పెళుసు ఉక్కునైతే పగలగొడుతుంది.

పిడిని కింద నేలకు సమాంతరంగా ఉంచండి. మొన వైపు కొట్టేకొద్దీ పిడి పైకి లేస్తుంది. దాన్ని బలంగా కిందికి నొక్కి ఆపితే, మొత్తం ఒత్తిడి అలుగు పిడిలోకి దిగే చోట పడుతుంది. విరిగిన కత్తుల్లో ఎక్కువ అక్కడే విరిగి ఉంటాయి. ముడిలో ఇరుక్కుంటే పక్కలకు ఊపి లాగకండి. కట్టెను తిరగేసి, వెనక నుంచి మొనను మెల్లగా తట్టుకుంటూ రండి.

ఇంకా పెద్ద కట్టె చీల్చాల్సి వస్తే కత్తికి కష్టం ఇవ్వకుండా కట్టె మేకులు వాడండి. గట్టి కొమ్మ నుంచి 12 సెంటీమీటర్ల ముక్కలు రెండు కోసి ఒక చివర ఉలిలా చెక్కండి. కత్తిని కట్టె అంచున రెండు దెబ్బలతో దించి, పగులు రాగానే తీసేసి, ఆ పగులులో మొదటి మేకు దిగ్గొట్టండి. పగులు సాగిన చోట రెండోది. ఈ పద్ధతిలో పల్చని మోరాతో కూడా చెయ్యి మందాన కట్టె చీల్చవచ్చు.

ఏ పని చేసినా తొడ మీద పెట్టి కోయకండి. తొడ లోపలి పక్కన పెద్ద రక్తనాళం ఉంటుంది. మోచేతులు మోకాళ్ల మీద ఆనించి, కత్తి మోకాళ్లకు అవతలే కదిలేలా కూర్చోవాలి. చెయ్యి చాచి గుండ్రంగా తిప్పితే ఎవరికీ తగలనంత దూరం ఉండాలి.

పదును, తుడుపు

బయట ఉన్నప్పుడు చిన్న డైమండ్ ప్లేటు లేదా సెరామిక్ కడ్డీ చాలు. ఇంట్లో 400, 1000 గరుకుల రాళ్లు, ఒక తోలు పట్టీ. స్కాండీ, కాన్వెక్స్ కాని కత్తికి ఒక్కో పక్క 20 డిగ్రీల కోణం. అలుగు వెడల్పు 25 మి.మీ. అయితే, వెన్ను మధ్య భాగం రాయికి దాదాపు 8.5 మి.మీ. ఎత్తులో ఉండాలి. కోణం కుదిరిందో లేదో తెలియకపోతే వాదర వాలు మీద మార్కర్ పెన్నుతో రంగు పూసి నాలుగుసార్లు రుద్దండి. రంగు పైభాగంలోనే పోతే వెన్నును ఇంకా లేపాలి, వాదర చివరే పోతే దించాలి.

ఒక పక్క రుద్దుతూ పోతే రెండో పక్కన సన్నని గరుకు తగులుతుంది. అది మొన దాకా వచ్చేవరకు పక్క మార్చకండి. చాలామంది పదునుపెట్టి విఫలమయ్యేది ఇక్కడ ముందే ఆగిపోయినందుకే. తర్వాత పక్క మార్చి అదే, చివర తోలు పట్టీ మీద వెనక్కి లాగుతూ ఒక్కో పక్క పదిహేనుసార్లు.

తిరిగే గ్రైండర్ చక్రం దగ్గరికి మాత్రం తీసుకెళ్లకండి. 1095 లాంటి ఉక్కును చివరగా 200 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో వేడిచేసి స్థిరపరుస్తారు. చక్రం మీద సన్నని వాదర క్షణాల్లో ఆ వేడి దాటి మెత్తబడుతుంది. వాదర దగ్గర నీలం రంగు కనిపించిందంటే ఆ మేర గట్టిదనం పోయినట్టే, అంత ఉక్కునూ చల్లగా రాయి మీద అరగదీసి కొత్త వాదర తెచ్చుకోవాలి. క్యాంపులో కత్తితో నిప్పులు కదపడమూ ఇలాంటి తప్పే.

కార్బన్ ఉక్కు మీద బూడిద, నీలి మచ్చలు వస్తే కంగారు పడక్కర్లేదు. ఆ పొర తుప్పును కొంత ఆపుతుంది. ఎర్రది, వేలికి అంటేది మాత్రం తుప్పు. నూనె చుక్క వేసి మెత్తని నారతో రుద్ది తీసేయాలి. వంటకు వాడే కత్తికి తినదగిన మినరల్ నూనె రాయండి. వంటనూనె కొన్నాళ్లకు జిగురు కడుతుంది. నెలల తరబడి పక్కన పెట్టేటప్పుడు తోలు ఒరలో ఉంచకండి. తోలు గాలిలో తేమను పీల్చి కత్తికి అంటిస్తుంది. కత్తిని నూనె రాసిన కాగితంలో చుట్టి, ఒరను పక్కన విడిగా పెట్టండి.

ప్రయాణానికి ముందు మీరు వెళ్లే చోట అలుగు పొడవు మీద, బయటికి కనబడేలా కట్టుకోవడం మీద నియమాలేమున్నాయో కనుక్కోండి. ఒక ప్రాంతంలో ఇబ్బంది లేనిది పక్క ప్రాంతంలో నేరం కావచ్చు. విమానంలో కత్తి చేతిసంచిలో వద్దు. లగేజీలో, ఒరలో బిగించి, ఒర చుట్టూ బట్ట చుట్టి పెడితే తనిఖీ చేసేవాళ్ల చేతికీ గాయం కాదు.